టార్కీనుండి వెస్టుమినిస్టరునకు: ఒక యిల్లాలు పెంచిన రాతి పగడములు

లండను నగరము జూడబోవువారు వెస్టుమినిస్టరు దేవాలయమును జూడక మరలరు. ఆంగ్లదేశపు రాజులకు పట్టాభిషేకములు జరుగు స్థలమది. రాజులు, రాణులు, కవులు, పండితులు పలువురు అచ్చటనే శాశ్వతనిద్ర బోవుచున్నారు. ఆ సందడిని విడిచి, దేవాలయమునకు ప్రక్కగా నున్న డీన్స్ యార్డు అను పచ్చిక బయలు దాటి, కమాను క్రిందుగా లోపలి చిన్న ప్రాంగణములోనికి బోవువారు మాత్రము కొలదిమంది. ఆ ప్రాంగణమున ఆష్‌బర్నమ్ హౌస్ అను పాత మేడ యొకటి కలదు. పదునేడవ శతాబ్దమున గట్టిన యా మేడలోని చెక్కమెట్ల పనితనమును శిల్పము నెఱిగినవారు నేటికిని మెచ్చుకొందురు. 1731లో ఇచ్చట నిప్పంటుకొని, కాటన్ గ్రంథసంచయమను పేరుగన్న వ్రాతప్రతులలో కొన్ని కాలిపోయెను. ఇప్పుడీ మేడ వెస్టుమినిస్టరు పాఠశాలకు జెందినది. బయటివారికి అన్నివేళల ప్రవేశము లేదు.

చరిత్రకారు లీ మేడను కాలిపోయిన గ్రంథములకొఱకు దలచుకొందురు. మన మిప్పుడు మఱియొక కారణమున దలచుకొందము. 1846లో ఈ యింట నొక గృహిణి సముద్రమును గాజు గిన్నెలో బెట్టి బ్రదికించెను. ఆ గిన్నెలోని ప్రాణులు చేపలు గావు, రాతి పగడములు. నేడు లోకమున వేలకొలది యిండ్లలో పగడపు తొట్లు వెలయుచున్నవి. విద్యుద్దీపములును, నీటి యంత్రములును లేని కాలమున, సముద్రమునకు దూరముగా, పొగలతో నిండిన మహానగరములో నీ పని సాధించిన యిల్లాలి పేరు అన్నా థిన్.

ఆమె 1806లో జన్మించినది. భర్త లార్డు జాన్ థిన్ వెస్టుమినిస్టరు దేవాలయమున డీను తరువాతి యధికారి. ఇంట పలువురు బిడ్డలు, వచ్చిపోవు బంధువులు, దేవాలయమునకు సంబంధించిన విందులు, మర్యాదలు. ఇంతటి సంసారము నడుపు స్త్రీకి శాస్త్రపరిశోధన కెక్కడి తీరిక యని మన మనుకొనవచ్చును. శాస్త్రజ్ఞుల సంఘములలో పెక్కింట నానాడు స్త్రీలకు చోటును లేదు. అయినను ఆ పరిసరముల శాస్త్రవాసన లేకపోలేదు. 1845నుండి ఆ దేవాలయమునకు డీనుగా నున్న విలియం బక్‌లండ్ భూగర్భశాస్త్రమున పేరొందిన పండితుడు.

1846 శరత్కాలమున అన్నా థిన్ డెవను సీమలోని టార్కీ పట్టణమునకు వెళ్లినది. మనమును ఆమె వెంట ఆ త్రోవను బోయి వత్తము. లండనుకు పడమరగా రమారమి 200 మైళ్లు పోవలెను. నేడు పాడింగ్టన్ స్టేషనులో రైలెక్కినచో మూడు గంటలకు పైగా పట్టును. ఆ కాలమున రైలు టార్కీ వఱకు రాలేదు. అది వచ్చినది 1848లో. కడపటి మజిలీలు గుఱ్ఱపు బండిమీదనే సాగవలసి యుండెను.

టార్కీ కొండల నడుమ నున్న రేవుపట్టణము. చలికాలమున గూడ అక్కడ గాలి మెత్తగా వీచును గనుక పందొమ్మిదవ శతాబ్దమున క్షయరోగులును, ఆరోగ్యము గోరు ధనికులును అచ్చటికి బోవుచుండిరి. సముద్రతీరము వెంబడి నడచునపుడు ఒకచోట ఎఱ్ఱని యిసుకరాయి, మఱియొకచోట బూడిదరంగు సున్నపురాయి కనబడును. ఈ సున్నపురాతిని దగ్గఱకు బోయి చూచినచో అందు పూవులవంటి, తేనెపట్టువంటి గుర్తులుండును. అవి కోట్ల సంవత్సరములకు పూర్వము, ఆ సీమ వెచ్చని సముద్రగర్భమున నున్నపుడు బ్రదికిన పగడములు. విలియం లాన్స్‌డేల్ అను పండితుడు ఈ సీమలోని రాతి పగడములను పరిశీలించి వాని వయస్సును నిర్ణయింపగా, దాని నాధారము చేసికొని 1839లో సెడ్జివిక్, మర్చిసన్ పండితులు భూచరిత్రలో నొక యుగమునకు డెవోనియన్ యుగమని ఈ సీమ పేరే పెట్టిరి. ఈ రాతిని నునుపు చేసి బల్లలకు, పెట్టెలకు, స్తంభములకు వాడెడివారు. 2007నుండి ఈ తీరమంతయు భూగర్భవిశేషములు గల రక్షిత ప్రదేశముగా గుర్తింపబడినది. అనగా టార్కీకి బోవువారు పగడములను వెదకనక్కరలేదు, పగడములమీదనే నడతురు.

అన్నా థిన్ మనస్సును హరించినవి మాత్రము ప్రాణమున్న పగడములు. అమావాస్య, పూర్ణిమలకు సముద్రము మిక్కిలి వెనుకకు దీసినపుడు ఆ తీరపు రాళ్ల క్రింద, నీడగల నెఱ్ఱెలలో కుంకుమభరిణెలంతేసి తెల్లని గిన్నెలు రాతికి కఱచుకొని కనబడును. ఒక్కొక్క గిన్నె యొక్కొక్క జీవి. గిన్నె లోపల సున్నపు రేకులు పుట్టగొడుగు అడుగుభాగమున నున్న పొరలవలె అంచునుండి నడుమకు వరుసగా నిలిచియుండును. నీరు తీసినపుడు జీవి లోనికి ముడుచుకొని యుండును గనుక చూచువారికిది వట్టి రాయియే. నీరు గ్రమ్మినపుడు ఆ గిన్నెలోనుండి పారదర్శకమైన మెత్తని దేహ ముబ్బి పైకి వచ్చి, కొనలయందు చిన్న పూసలుగల పలుచని చేతులు చాచును. ఆ చేతులలో విషపు ముండ్లు గలవు. తగిలిన సూక్ష్మప్రాణిని స్తంభింపజేసి నడుమనున్న నోటికి జేర్చుకొనును. చూచుటకు పువ్వు, తాకుటకు రాయి, తినుట జూచిన జంతువు. దీనిని నాడు మాడ్రిపోర్ అనెడివారు.

వెచ్చని సముద్రములలో దిబ్బలు గట్టు పగడములు వేఱు, ఈ చలినీటి పగడము వేఱు. దిబ్బలు గట్టు వానిలో ఎన్నో జీవు లొకదాని ప్రక్క నొకటి చేరి యొకే గూడుగా బెరుగును. వాని దేహములలో కంటికి గనబడని పాచివంటి సూక్ష్మవృక్షములు కాపురముండి, ఎండను గ్రహించి వంట వండి పెట్టును. అందుచే వానికి వెలుగు ముఖ్యము. డెవను పగడమునకు అట్టి వంటకత్తెలు లేరు; అది చీకటి నెఱ్ఱెలోనైనను బ్రదుకును, కాని తన యాహారమును తానే పట్టుకొనవలెను. దానికి చల్లని నీరు, స్వచ్ఛమైన నీరు, ప్రాణవాయువు నిండిన నీరు కావలెను.

అట్టి ప్రాణిని 200 మైళ్లు తీసికొనిపోవుట యెట్లు? కూజాలో వేసినచో బండి కుదుపునకు గిన్నె లొకదానికొకటి తగిలి మెత్తని దేహములు చిరిగిపోవును. అన్నా థిన్ ఇందు కొక యుపాయము పన్నెను. పెద్ద స్పంజి నొకదానిని దెచ్చి, సూదిదారములతో పగడములను దానికి కుట్టి, ఆ స్పంజిని సముద్రపు నీటితో నింపిన జాడీలో నుంచెను. కుట్టుపని నేర్చిన చేతులకే తట్టదగిన యుపాయమిది. పగడములు ప్రాణములతో లండను చేరినవి.

చేరిన తరువాతనే అసలు కష్టము మొదలయ్యెను. గిన్నెలోని నీటిని జీవులు పీల్చి విడుచుచుండగా ప్రాణవాయువు తఱుగును, బొగ్గుపులుసు గాలి పెరుగును, మాలిన్యము చేరును. మొదట ఆమె దినము విడిచి దినము నీటిని మార్చుచు, సముద్రపు నీటిని తెప్పించుకొనుచుండెను. ప్రక్కనే థేమ్సు నది పాఱుచున్నను దాని నీరు పనికిరాదు. ఊరి మురుగంతయు అందులోనే పడుచుండెడిది. 1858 వేసవిలో ఆ నది దుర్గంధమునకు పార్లమెంటు సభ్యులే నిలువలేకపోయిరనుట ప్రసిద్ధము. సముద్రపు నీరు దూరమునుండి రావలసినదే. ఒకప్పుడది చాలకపోగా, ఉన్న నీటినే మఱల వాడుట యెట్లని ఆమె యాలోచించెను.

మనము కాచిన పాలను చల్లార్చుటకు ఒక గ్లాసునుండి మఱియొక గ్లాసులోనికి ఎత్తి తిరుగబోయుదుము గదా. ఆమె చేసినదియు నదియే. తెఱచిన కిటికీ యెదుట సముద్రపు నీటి నొక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి అరగంటయో, ముక్కాలుగంటయో ఎడతెగక తిరుగబోయించెను. ధారగా బడు నీరు గాలితో గలసి ప్రాణవాయువును గ్రహించును. లోని బొగ్గుపులుసు గాలిని విడుచును. ఇప్పుడు పగడపు తొట్లలో విద్యుత్తుతో నడచు యంత్రములు రాత్రింబవళ్లు చేయు పనిని ఆనాడు ఆ మేడలో ఒక జత చేతులు చేసినవి. ఆ చేతు లెవరివి? ఆమెయింట పనిచేయు చిన్న పనిపిల్లవి. శ్రమతో గూడిన పనియైనను ఆ పిల్లకు వేడుకగానే యుండెనని అన్నా థిన్ తరువాత వ్రాసినది.

1847 వసంతకాలమున ఆమె మఱియొక మెట్టెక్కెను. రాతిముక్కలను, వానిని పట్టుకొని పెరుగు సముద్రపు పాచిమొక్కలను తెప్పించి గిన్నెలలో నుంచెను. జంతువులు విడుచు గాలిని మొక్కలు గ్రహించును. మొక్కలు వెలుగులో విడుచు ప్రాణవాయువును జంతువులు గ్రహించును. చిన్న గిన్నెలో నిట్టి యిచ్చిపుచ్చుకొనుట కుదిరినచో నీరు చాలకాలము చెడదు. కాని అది కుదిరినదని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తిరుగబోయుట సాగుచునే యుండెను. ఇట్లు రమారమి మూడేండ్లు ఆ జీవులు వెస్టుమినిస్టరులో బ్రదికినవి. బ్రదుకుటయే గాక పిల్లలను బెట్టినవి. ఒకటి రెండుగా చీలుట, చిన్న జీవి క్రొత్తగా తలయెత్తుట ఆమె దినదినము కనిపెట్టి వ్రాసికొనెను. శాస్త్రజ్ఞులు సముద్రతీరమున గంటయో రెండు గంటలో చూచి వ్రాయుచున్న కాలమున, ఒక గృహిణి తన గదిలో కూర్చుండి ఋతువులు గడచువఱకు చూడగలిగెను. ఇంటిపని చేయువారికి గల గొప్ప సౌకర్యమిదియే: చూడవలసినది కంటియెదుటనే యుండును.

కీర్తి మాత్రము ఆలస్యముగా వచ్చెను. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మొక్కలు, ప్రాణులు కలసి యుండు తొట్టిని గూర్చి ప్రకటించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల గృహము తెఱవబడగా జనులు విరుగబడి చూచిరి. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వ్రాసిన పుస్తకమువలన అక్వేరియము అను మాట యింటింట వ్యాపించెను. అన్నా థిన్ వ్రాసికొన్న విషయములు 1859లోగాని అచ్చుకాలేదు. గాస్ వానికి తన మాటలు చేర్చి ఒక శాస్త్రపత్రికలో ప్రకటింపజేసెను. అప్పటికి ఆమె గిన్నె పుట్టి పదమూడేండ్లు గడచినవి. 1866లో ఆమె మరణించినది. నీటిని తిరుగబోసిన పనిపిల్ల పేరు ఆ వ్యాసమున లేదు.

సముద్రజీవులను తొట్టిలో నుంచి చూచిన స్త్రీలలో ఆమెకును ముందొకతె కలదు. ఫ్రాన్సు దేశమున బుట్టి సిసిలీ ద్వీపమున కాపురము చేసిన జాన్ విల్‌ప్రూ పవర్ అను నామె 1832లో గాజు తొట్లు చేయించి, అందు ఆర్గొనాట్ అను గుల్లజీవిని పెంచి, ఆ గుల్లను జీవియే కట్టుకొనుచున్నదని నిరూపించెను. ఆమె మొదట వస్త్రములు కుట్టి, బుటాలు వేసి జీవించినది. సూది పట్టిన చేతులే ఇద్దఱివియు.

గాస్ పుస్తకములు చదివి ఆంగ్లదేశపు కుటుంబములు సుత్తులు, ఉలులు, బుట్టలు పట్టుకొని డెవను తీరమునకు వరుసలు గట్టెను. సర్కారు గాజుపై సుంకమును 1845లో తీసివేసి యుండుటచే గాజు తొట్లు చవుకయ్యెను. ప్రతి కుటుంబమునకు నొక తొట్టి కావలెను, ప్రతి తొట్టికి నొక పగడము కావలెను. రాళ్ల నుండి గిన్నెలను ఊడబొడిచి తీసికొనిపోయిరి. ఇంటికి బోయిన పదిదినములకే నీరు మురిగి, జీవులు చచ్చి, తొట్టి దుర్గంధము గొట్టుచుండెను. మఱల తీరమునకు బోయి క్రొత్తవి తెచ్చుకొనెడివారు. గాస్ కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో అచ్చయిన తన గ్రంథమున, చిన్ననాడు తాను జూచిన ఆ తీరపు మడుగుల సౌందర్యమంతయు ఇట్టి వేడుకకాండ్రవలన నాశనమైనదని మిక్కిలి వగచెను. తన పుస్తకములే ఈ దోపిడికి దారిచూపినవని తండ్రియు పరితపించెనట.

అన్నా థిన్ చేసినదానికిని, ఆమె తరువాతి వేడుకకాండ్రు చేసినదానికిని భేదమెక్కడ నున్నది? ఇరువురును సముద్రమునుండి తెచ్చినవారే. ఆమె కొన్నిటిని దెచ్చి, వానిని మూడేండ్లు కాపాడినది. వారు తెచ్చినవానిని చంపుకొని, చచ్చినకొలది మఱల తెచ్చిరి. తెచ్చుట ఒక్క దినపు పని. సాకుట ప్రతిదినపు పని. ఈ మాట బిడ్డలను బెంచిన తల్లులకు చెప్పనక్కరలేదు.

నేటి పగడపు తొట్ల చరిత్రయు నీ మాటనే చెప్పును. ఇరువదవ శతాబ్దమున జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ దిబ్బలలోని ప్రాణముగల రాళ్లను, ఎండను, గాలిబుడగలను మాత్రమే నమ్ముకొని పగడములను ఇంట బెంచి, ఆ విధానమును 1961లో ప్రకటించెను. ఇప్పుడు విదేశములలో పగడములు పెంచువారు నీటి వేడిమిని 25, 26 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గఱ నిలుపుదురు. లీటరు నీటికి ఉప్పులు 35 గ్రాములు, సున్నపు ధాతువగు కాల్షియము 400 మొదలు 450 మిల్లీగ్రాములు ఉండునట్లు కొలుచుచుందురు. రాతి పగడము తన గూటిని నీటిలోని కాల్షియముతోనే కట్టుకొనును గనుక, అది పెరిగినకొలది నీటిలో నా ధాతువు తఱుగును, తఱిగినది నింపుచుండవలెను. దీపములు వేళకు వెలిగించి వేళకు ఆర్పవలెను. నీరు కదలుచుండవలెను. విద్యుత్తు కొన్ని గంటలు పోయినచో సంవత్సరముల శ్రమ మట్టిపాలగును.

ఇందు మెచ్చదగిన మార్పొకటి కలదు. మల్లె యంటు గట్టినట్లు, గులాబికొమ్మ నాటినట్లు, తొట్టిలో బెరిగిన పగడమునుండి చిన్న ముక్కను ద్రుంచి వేఱొక రాతిముక్కకు అతికించినచో అదియు క్రొత్త గూడుగా బెరుగును. ఇట్లు ఒకరు మఱియొకరికి ఇచ్చుకొనుచు సముద్రమును ముట్టకయే పెంచువారు పలువురు గలరు. అన్నా థిన్ గిన్నెలో పగడము రెండుగా చీలుట చూచి వ్రాసికొన్న సంగతియే నేడు సముద్రమునకు కొంత రక్షణమైనది.

సోదరీమణులారా! ఇది చదివి మనయింటను నొక పగడపు తొట్టి పెట్టవలెనను కోరిక పుట్టవచ్చును. అందు కొక మాట చెప్పవలసియున్నది. మన మంగళసూత్రములలో గ్రుచ్చుకొను ఎఱ్ఱని పగడము మధ్యధరాసముద్రమున బుట్టునది. అది రాతి పగడముల జాతికి దూరపు చుట్టము. రాతి పగడములు మన దేశమున రామేశ్వరము ప్రక్కనున్న మన్నారు సింధుశాఖ యందును, కచ్ సింధుశాఖ యందును, అండమాను, లక్షద్వీపముల యందును దిబ్బలు గట్టినవి. గోదావరి, కృష్ణలు తెచ్చు తీపినీటికిని, ఒండ్రుమట్టికిని తాళలేక మన తెలుగు తీరమున దిబ్బలు గట్టలేదు. రామేశ్వరయాత్ర చేసిన మన పెద్దవారిలో కొందఱి యిండ్ల అద్దాల బీరువాలలో శంఖములతో పాటు తెల్లని పగడపు కొమ్మలు నేటికి నుండవచ్చును.

ఆ మన్నారు సింధుశాఖలో రామేశ్వరము మొదలు తూత్తుకుడి వఱకు 21 ద్వీపములుండెడివి. చుట్టునున్న పగడపు దిబ్బలే వానికి అలల తాకిడినుండి కోటగోడలు. సున్నమునకై ఆ గోడలను చాలకాలము త్రవ్వి పడవలకెత్తిరి. 1986లో ఆ ప్రదేశము జాతీయవనముగా ప్రకటింపబడినను అప్పటికే చాల నష్టము జరిగియుండెను. 2 ద్వీపములు నీట మునిగిపోయినవి. సముద్రపు నీరు మితిమీరి వేడెక్కిన సంవత్సరములలో, 1998లోను, 2010లోను, 2016లోను, అక్కడి పగడములు తమలోని సూక్ష్మవృక్షములను వెడలగొట్టి తెల్లబడినవి. వంటకత్తె వెడలిన యింట ఆకలి యెట్లుండునో అట్లే వానికిని అయినది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు విఱిగిన కొమ్మలను సముద్రగర్భముననే దిమ్మలకు కట్టి మఱల నాటుచున్నారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001లో రాతి పగడములన్నిటిని పులి, ఏనుగులతో సమానముగా మొదటి పట్టికలో జేర్చిరి. సముద్రమునుండి వానిని తీయుటయు, కొనుటయు, అమ్ముటయు శిక్షార్హములు. ఎండిన కొమ్మకైనను ఈ నియమము వర్తించును. కావున అంగడివాడు పగడపు కొమ్మను చూపినచో వలదనుటయే మన ధర్మము. పగడములను జూడగోరువారు రామేశ్వరమునకు బోయినపుడు మండపము దగ్గఱ ఆగవచ్చును. 1947లో నెలకొల్పబడిన కేంద్ర సముద్రమత్స్య పరిశోధనాలయమునకు అచ్చట ఒక కేంద్రము గలదు. ఆ తీరపు నీటిలోనే మన దేశపు పగడపు దిబ్బలును గలవు. అవి యున్నచోటనే యుండగా చూచి వచ్చుట మనకును, వానికిని క్షేమము.

అన్నా థిన్ కథవలన మనము గ్రహింపవలసినది తొట్టి పెట్టు విధానము మాత్రమే కాదు. ఒక ప్రాణిని దాని యింటినుండి తెచ్చినవారు దాని కొక యింటిని అమర్చి యీయవలెను. ఆ యింటిని దినము తప్పక నడుపవలెను. సముద్రము కోట్ల చేతులతో చేయు పనిని రెండు చేతులతో చేయుటకు సిద్ధపడవలెను. సిద్ధపడలేనిచో ఆ ప్రాణిని దాని చోటనే విడువవలెను. వెస్టుమినిస్టరులోని మేడకు నేడు బోవువారికి గిన్నెయు గనబడదు, పగడములును గనబడవు. పట్టాభిషేకములు జరిగిన దేవాలయమునకు అంత చేరువను, పేరైనను మిగులని యొక పనిపిల్ల కిటికీయెదుట నిలిచి, సముద్రపు నీటిని ధారగట్టి తిరుగబోసినది. ఆ పగడములు మూడేండ్లు బ్రదికినవనగా ఆ చేతులు మూడేండ్లు మానలేదనియే యర్థము.